ఆరంభ శూరత్వం తర్వాత మొదలయ్యే వ్యాపారం

వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు మొదటి నెలలో ఉత్సాహం అవసరానికి మించే ఉంటుంది. పేరు వెతుకుతారు, లోగో చేయిస్తారు, విజిటింగ్ కార్డులు అచ్చు వేయిస్తారు, సోషల్ మీడియాలో పేజీ తెరుస్తారు, రిజిస్ట్రేషన్ ఎలా చేయించాలో నలుగురిని అడుగుతారు. మూడు వారాలు తిరిగేసరికి అన్నీ సిద్ధంగా ఉంటాయి, డబ్బిచ్చే కస్టమర్ తప్ప. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ దశను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

అలాగని వీళ్లను బద్ధకస్తులు అనడానికి లేదు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని లోగో రంగులు మార్చేవాళ్లు ఉన్నారు. కానీ ఈ పనులన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. వీటిలో ఎదుటి మనిషి ‘వద్దు’ అనే అవకాశం ఎక్కడా లేదు. ఆ మాట వినాల్సి వచ్చే పనులేమో, అంటే ముక్కూమొహం తెలియని మనిషికి ఫోన్ చేయడం, ధర చెప్పడం, అడ్వాన్స్ అడగడం, బాకీ గుర్తుచేయడం, ఒకటొకటిగా వచ్చే వారానికి వాయిదా పడతాయి. చివరికి ఉత్సాహం చల్లారేది శ్రమ ఎక్కువై కాదు, ఎంత శ్రమపడినా బయటి నుంచి ఏ జవాబూ రాక.

అందుకే ‘మోటివేషన్ తెచ్చుకోవాలి’ అన్న సలహా దగ్గర మొదలుపెడితే దారి తప్పుతుంది. వ్యాపారానికి కావలసిన మనస్తత్వంలో ఎక్కువ భాగం కొన్ని ఏర్పాట్ల వల్ల తయారవుతుంది. ఎంత పోయినా తట్టుకోగలమో ముందే రాసుకోవడం, వారానికి ఇంతమందిని అడగాలని లెక్క పెట్టుకోవడం, ఎప్పుడు ఆపాలో తేదీ వేసుకోవడం అలాంటివి. మనసు బాగున్న రోజున ఇవి పెద్దగా అక్కర్లేదు. బాగోలేని రోజున నిలబెట్టేవి ఇవే.

కాకినాడ నుంచి టోగో దాకా

ఈ ‘మనస్తత్వం’ నేర్పితే వచ్చేదా, పుట్టుకతో ఉండాల్సిందా అన్న వాదన పాతదే. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ దీన్ని తేల్చుకోవడానికి 1964లో కాకినాడ వ్యాపారులను ఎంచుకున్నారు. బృందాలుగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు పిలిపించి కొద్ది రోజుల శిక్షణ ఇచ్చారు. తర్వాతి రెండేళ్లలో, శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్లకన్నా ఎక్కువ చురుగ్గా కనిపించారు. కొత్త వ్యాపార ప్రయత్నాలు, కొత్త పెట్టుబడులు వాళ్లలో ఎక్కువ. సంప్రదాయ నమ్మకాలు వ్యాపార చొరవకు అడ్డుపడతాయన్న అప్పటి అభిప్రాయానికి కూడా ఈ ప్రయోగంలో బలం దొరకలేదు.

మెక్‌క్లెలండ్ పరిశోధనల్లో అందరికీ గుర్తుండిపోయేది రింగులు విసిరే ఆట. నేలమీద పాతిన మేకుకు ఎంత దూరంలో నిలబడి రింగు వేయాలో ఆడేవాళ్ల ఇష్టానికే వదిలేస్తారు. కొందరు మేకు పక్కనే నిలబడి వేస్తారు, గురి తప్పే ప్రశ్నే లేదు. కొందరు గది చివరికి పోయి విసురుతారు, తగిలితే అదృష్టం, తగలకపోతే ఎవరూ తప్పుపట్టరు. సాధించాలన్న పట్టు గట్టిగా ఉన్నవాళ్లు మాత్రం మధ్యలో నిలబడతారు. తప్పొచ్చు, కానీ తమ చేతి నేర్పుకొద్దీ తగలనూ వచ్చు, అంత దూరంలో. ‘రిస్క్ తీసుకునేవాడే వ్యాపారి’ అన్న మాట ఎంత చలామణిలో ఉన్నా, ఈ ఆట చూపేది వేరు. గది చివరి నుంచి విసిరేవాడు ధైర్యవంతుడిలా కనిపిస్తాడు కానీ, ఓడిపోతే చెప్పుకునే సాకును ముందే జేబులో వేసుకున్నాడు. ఉన్నదంతా ఊడ్చి ఒకేసారి పెట్టేసే మొదటి పెట్టుబడుల్లోనూ తరచు కనిపించేది ఈ సాకే.

ఇంతకన్నా గట్టి ఆధారం ఇటీవలిది. పశ్చిమ ఆఫ్రికా దేశమైన టోగో రాజధాని లోమేలో 1,500 మంది చిన్న వ్యాపారులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు బిజినెస్ శిక్షణ ఇచ్చారు: పద్దులు, మార్కెటింగ్, డబ్బు నిర్వహణ. రెండో గుంపుకు చొరవ మీద శిక్షణ ఇచ్చారు: ఎవరూ చెప్పకముందే మొదలుపెట్టడం, రాబోయే అడ్డంకిని ముందే ఊహించడం, అడ్డు వచ్చినప్పుడు ఆగకుండా దారి మార్చుకోవడం. మూడో గుంపుకు ఏ శిక్షణా లేదు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం చొరవ శిక్షణ పొందిన గుంపు లాభాలు దాదాపు 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణ గుంపులో పెరుగుదల 11 శాతం దగ్గర ఆగింది. ఆ 11 శాతమైనా కాకతాళీయం కాదని గణాంక పరీక్షలో గట్టిగా తేలలేదు.

దీన్ని చూసి ‘చూశారా, మైండ్‌సెట్టే ముఖ్యం’ అని పోస్టర్లు వేసుకోవడం సులువు. ఆ తరగతుల్లో ఏం చేయించారో చూస్తే మాత్రం అక్కడ చప్పట్లు, నినాదాలు కనిపించవు. లక్ష్యం రాయించారు, ప్లాన్ వేయించారు, అది ఎక్కడ విరుగుతుందో వెతికించారు, ఆ తర్వాత నెలల పాటు శిక్షకులే వ్యాపారం జరిగే చోటికి వెళ్లి పలకరించారు. హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి మూడు గంటలు ఊపేసే ప్రసంగాన్ని దీనితో పోల్చలేం. అక్కడి నుంచి బయటికి వచ్చేటప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, మంగళవారం పొద్దున ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం తెలియదు.

నమ్మకం ఎంతుంటే చాలు

1988లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం ఆర్నాల్డ్ కూపర్, మరో ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కొత్తగా వ్యాపారం పెట్టిన 2,994 మందిని గెలుపు అవకాశం ఎంతని అడిగారు. 81 శాతం మంది పదింటికి ఏడు లేదా అంతకన్నా ఎక్కువ అన్నారు. మూడింట ఒక వంతు మందైతే పదికి పది అన్నారు. మీలాంటి వ్యాపారమే ఇంకొకరు పెడితే ఎలా ఉంటుందని అడిగితే, ఏడు లేదా ఎక్కువ అన్నవాళ్లు 39 శాతమే. తన దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోయింది. అదే దేశపు కార్మిక గణాంకాల్లో కొత్త సంస్థల్లో సుమారు ఐదింట ఒకటి మొదటి ఏడాదిలోనే, దాదాపు సగం ఐదేళ్లలో మూతపడుతున్నాయి. మూతపడినవన్నీ దివాలా తీసినవి కావు. అమ్మేసినవి, ఇష్టపడి మానుకున్నవి కూడా అందులో ఉంటాయి. అయినా పదికి పది అనడానికి అందులో చోటు లేదు.

ఆ అధ్యయనంలో అంతగా ప్రచారం కాని సంగతి ఇంకొకటుంది. సరిగా సిద్ధం కానివాళ్లు కూడా బాగా సిద్ధమైనవాళ్లంత ధీమాగానే ఉన్నారు. కాబట్టి ఛాతీలో కనిపించే ధైర్యాన్ని బట్టి మనం సిద్ధంగా ఉన్నామో లేదో తెలుసుకునే వీలు లేదు. కొలత కాగితం మీద ఉండాలి.

అలాంటి కొలతకు గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన ‘ప్రీమార్టమ్’ బాగా పనికొస్తుంది. ఏడాది గడిచిపోయిందని, వ్యాపారం మూతపడిందని అనుకోవాలి. మూతపడొచ్చు అని కాదు, పడిపోయింది అనే. ఇక 20 నిమిషాలు కూర్చుని ఎందుకు మూతపడిందో రాయాలి. ‘ఏమైనా ఇబ్బందులు వస్తాయా’ అని అడిగితే మనసు మర్యాదగా రెండు చెప్పి ఊరుకుంటుంది. జరిగిపోయినట్టు ఊహిస్తే పన్నెండు చెబుతుంది. వాటిలో రెండు వారాల్లోపు, పెద్దగా ఖర్చు లేకుండా పరీక్షించగలిగిన మూడింటిని విడిగా పెట్టుకుంటే మొదటి నెల పని దొరికినట్టే. భాగస్వామి ఉంటే ఇద్దరూ వేర్వేరుగా రాసి తర్వాత కలిపి చూడాలి. ఒకరి కాగితంలో మొదటి వరసలో ఉన్నది రెండో కాగితంలో అసలు లేకపోతే, వాళ్లు కూర్చుని మాట్లాడుకోవాల్సింది దాని గురించే.

పోతే ఎంత పోవాలి

భయాన్ని పోగొట్టుకోమని చెప్పడం వృథా. దానికి గట్టు కట్టవచ్చు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో బోధించే సరస్ సరస్వతి అనుభవజ్ఞులైన 27 మంది వ్యాపారవేత్తలకు ఒకే ఊహాత్మక వ్యాపార సమస్య ఇచ్చి, పైకి మాట్లాడుతూ పరిష్కరించమని రికార్డు చేశారు. వాళ్లలో చాలామంది ఎంత లాభం వస్తుందన్న అంచనా దగ్గర మొదలుపెట్టలేదు. ఎంత పోయినా తట్టుకోగలం అన్నదాని దగ్గర మొదలుపెట్టారు. లాభం అంచనా భవిష్యత్తులో ఉంది, దాన్ని ఎంతైనా సాగదీయవచ్చు. నష్టాన్ని తట్టుకునే శక్తి ఇవాళ చేతిలో ఉంది, ఇవాళే లెక్కపెట్టవచ్చు.

ఆ లెక్క ఇలా ఉంటుంది. ఇంటి నెల ఖర్చును ఒక భాగం అనుకుందాం. పొదుపు పది భాగాలు ఉందనుకుంటే, ఆరు భాగాలు ఇంటికి, ఒకటి ఆసుపత్రి లాంటి అత్యవసరాలకు పక్కన పెడితే మిగిలేది మూడు. మొదటి ప్రయత్నానికి గరిష్ఠ పరిమితి ఆ మూడే. నాలుగో భాగం పెట్టాలనిపించిన రోజున కొత్తగా మళ్లీ నిర్ణయం తీసుకోవాలి, అలవాటుగా చెయ్యి పెట్టకూడదు. డబ్బుతో పాటు కాలానికి కూడా ఒక అంకె వేయాలి: ఎన్ని నెలలు, వారానికి ఎన్ని గంటలు. ఇంట్లోవాళ్లకు ఈ రెండు అంకెలూ నోటితో చెప్పడం కన్నా రాసి చూపించడం మేలు. ఇంట్లో గొడవలు చాలావరకు వ్యాపారం మీద కాదు, దానికి హద్దు లేకపోవడం మీద వస్తాయి.

ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. రాజీనామా చేసి దూకినవాళ్ల కథలే ఎక్కువ వినపడతాయి, ఎందుకంటే చెప్పుకోవడానికి అవి బాగుంటాయి. 2014లో జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ అమెరికా సమాచారంతో చేసిన అధ్యయనంలో, ఉద్యోగంలో ఉంటూ మొదలుపెట్టి తర్వాత పూర్తిగా వ్యాపారంలోకి వచ్చినవాళ్లు విఫలమయ్యే అవకాశం, నేరుగా దూకినవాళ్లకన్నా సుమారు మూడో వంతు తక్కువని తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. జీతం వస్తున్నప్పుడు చెడ్డ ఆర్డర్‌ను కాదనే ధైర్యం ఉంటుంది. తన ఆలోచన తప్పని తెలిస్తే మార్చుకునే వ్యవధి ఉంటుంది. అసలు ఈ పని తనకు సరిపడదని తెలిస్తే నిశ్శబ్దంగా మానుకోవచ్చు కూడా. పక్కపనిగా చేసేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి. వారానికి పది గంటలు నిజంగా దొరుకుతాయా? దొరికేది ఆదివారం మధ్యాహ్నం మిగిలే రెండు గంటలే అయితే, రెండేళ్లయినా ఏ సంగతీ తేలదు. వయసు మీరిపోతోందన్న కంగారు కూడా అక్కర్లేదు. అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కొత్త కంపెనీలను, అంటే వెయ్యింట ఒకటిగా నిలిచినవాటిని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో వాటి స్థాపకుల సగటు వయసు 45 ఏళ్లు.

అడగడం అనే పని

అడగందే అమ్మైనా పెట్టదు. అయితే కొత్తవాళ్లు అడిగే తీరులో ఒక లోపం ఉంటుంది. అభిప్రాయం అడుగుతారు. ‘ఇలాంటి సర్వీసు పెడితే ఎలా ఉంటుంది?’ అంటే ఎదుటివాళ్లు ‘చాలా బాగుంటుంది’ అంటారు. చుట్టాలైతే మరీను. ఆ మాటకు వాళ్లకు ఖర్చేమీ లేదు కాబట్టి దానికి విలువా లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆఫీసులకే వెళ్లి పాడైన కుర్చీలు బాగుచేసే సర్వీసు పెట్టాలని ఒకరి ఆలోచన. కూర్చోగానే మెల్లగా కిందికి దిగిపోయే కుర్చీలు, చక్రం విరిగి ఒకవైపు ఒరిగినవి, చేతులు ఊడినవి ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. ఆఫీసు సామగ్రి చూసుకునే మేనేజర్‌ను కలిసినప్పుడు అడగాల్సినవి ఇవి: ‘పోయినసారి కుర్చీ పాడైనప్పుడు ఏం చేశారండీ? ఎవరిని పిలిచారు? ఎన్ని రోజులు పట్టింది? ఇప్పుడు పాడై పక్కన పెట్టినవి ఎన్ని ఉన్నాయి?’ ఇవన్నీ జరిగిపోయిన విషయాలు, మొహమాటానికి కల్పించి చెప్పేవి కావు. ‘పక్కన పడేసి కొత్తవి కొనేస్తామండీ’ అని ఆయన అంటే ఆ ఆఫీసు కస్టమర్ కాదు, ఆ సంగతి పది నిమిషాల్లో తెలిసింది. ‘స్టోర్ రూమ్‌లో పద్నాలుగు పడున్నాయి, రండి చూపిస్తాను’ అని లేచాడంటే అసలు సంభాషణ అక్కడ మొదలవుతుంది. అప్పుడు అడగాల్సింది అభిప్రాయం కాదు: ‘వీటిలో నాలుగు ఈ శనివారం వచ్చి బాగుచేస్తాను. గ్యాస్ సిలిండర్లు, చక్రాలు తేవాలి కదా, సగం అడ్వాన్స్ ఇప్పించగలరా?’

అడ్వాన్స్ ఇస్తే అది పూర్తి సమాధానం. ఇవ్వకపోయినా మరో మేనేజర్ నంబర్ ఇచ్చి తన పేరు చెప్పమంటే అది సగం సమాధానం, ఎందుకంటే తన పరువు కొంచెం పెట్టుబడిగా పెట్టాడు. ‘తప్పకుండా చెప్తాం’ అంటే సున్నా. ఇలా ఇరవై మందిని కలిశాక కాగితం మీద ఎన్ని పూర్తి, ఎన్ని సగం, ఎన్ని సున్నా అని చూస్తే, లోగో మీద గడిపిన మూడు వారాలకన్నా ఎక్కువ తెలుస్తుంది. ఆ ఇరవై మందిలో బంధువులు, స్నేహితులు ఉండకూడదు.

కాదన్నవాళ్లను కూడా ఒకే గంపలో వేయకూడదు. ‘అవసరం లేదు’ అన్నవాళ్లు ఎక్కువైతే ఎంచుకున్న మనుషులు తప్పు. ‘ఇప్పుడు కాదు’ అన్నవాళ్లను ఎప్పుడో తేదీ అడిగి, ఆ తేదీన ఫోన్ చేయాలి. అలా నిజంగా ఫోన్ చేసేవాళ్లు చాలా తక్కువ కాబట్టి అదొక్కటే గుర్తింపు తెస్తుంది. ‘ధర ఎక్కువ’ అన్నవాళ్లను ‘దేంతో పోలిస్తే?’ అని అడగాలి. ‘మీరు కొత్త కదా’ అన్నవాళ్లకు ఒక కుర్చీ బాగుచేసి చూపించాలి. ‘రిజెక్షన్’ అని అన్నిటికీ ఒకే పేరు పెట్టుకుంటే నాలుగు వేర్వేరు సమస్యలు కలిసి మన అసమర్థతలా కనిపిస్తాయి.

అడిగే గంటను మనసుకు వదిలేస్తే అది ఎప్పటికీ రాదు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో క్రోడీకరించిన పరిశోధనల సారం ఏమిటంటే, ‘చేయాలి’ అని అనుకున్నవాళ్లకన్నా ‘ఫలానా సమయంలో, ఫలానా చోట, ఇది జరగగానే అది చేస్తాను’ అని కట్టుకున్నవాళ్లు ఎక్కువగా చేస్తారు. ఉదయం పదింటికి కుర్చీలో కూర్చోగానే, మెయిల్ తెరవకముందే, మూడు ఫోన్లు. చేయాల్సిన మూడు నంబర్లు ముందురోజు రాత్రే కాగితం మీద ఉండాలి. పొద్దున వెతుక్కోవడం మొదలుపెడితే ఫోన్ల గంట వెతకడంలోనే కరిగిపోతుంది.

మనసు లేదు అనిపించినప్పుడు

నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల దాకా ఒక లోయ ఉంటుంది. కొత్తదనం పోతుంది, ఫలితం ఇంకా రాదు. ‘నాలో ఆ కసి తగ్గిపోయింది’ అనే మాట ఎక్కువగా వినిపించేది అప్పుడే. ఆ మాటను నమ్మేముందు డబ్బు పద్దు తీసి చూడాలి. కసి తగ్గిందని చెప్పుకునే సందర్భాల్లో చాలాసార్లు తగ్గింది చేతిలో నగదు.

లెక్క వేసి చూద్దాం. నెలకు 100 భాగాల అమ్మకం, దానికి ఖర్చు 70. కాగితం మీద నెలకు 30 లాభం. సరుకు ఇచ్చినవాళ్లకు వారంలో డబ్బు కట్టాలి, కస్టమర్లు మాత్రం 45 రోజులకు ఇస్తారు. మొదటి నెల చివర పెట్టెలో మైనస్ 70. రెండో నెల ఇంకో 70 పోయి, మొదటి సగం నెల అమ్మకాల తాలూకు 50 వస్తుంది. అంటే మైనస్ 90. కాగితం మీద మాత్రం అప్పటికి 60 లాభం. మూడో నెల నుంచి నెమ్మదిగా పైకి రావాలి, కానీ సరిగ్గా అప్పుడే ఆర్డర్లు రెట్టింపయ్యాయనుకోండి: 140 పోయి 100 వస్తుంది, గొయ్యి 130కి దిగుతుంది. వ్యాపారం పెరుగుతోంది, యజమాని కుంగిపోతున్నాడు. రాత్రి నిద్ర పట్టదు, ఫోన్ మోగితే గుండె దడ. ఈ మనిషికి ప్రేరణ ప్రసంగం వినిపించడం జ్వరం వచ్చినవాడికి పాట పాడినట్టు ఉంటుంది.

అదే వ్యాపారంలో సగం అడ్వాన్స్ తీసుకుని ఉంటే? మొదటి నెల 70 పోయి 50 వచ్చి, మైనస్ 20. రెండో నెల 70 పోయి 75 వచ్చి, మైనస్ 15. మూడో నెలకు ప్లస్ 15. సరుకు అదే, ధర అదే, మనిషీ అతడే. మారింది అడ్వాన్స్ అడగడం ఒక్కటే. మొహమాటం ఖరీదు ఎంతో ఇంత స్పష్టంగా చూపే లెక్క మరొకటి దొరకదు.

ధర దగ్గర కూడా ఇదే మొహమాటం. కొత్తవాడు కస్టమర్ అడగకముందే పది శాతం తగ్గించేస్తాడు. 100కు అమ్మి 70 ఖర్చు పోతే 30 మిగిలేది. 90కి అమ్మితే 20. ధర తగ్గింది పదో వంతు, లాభం పోయింది మూడో వంతు. ముందున్న లాభమే రావాలంటే ఒకటిన్నర రెట్లు అమ్మాలి, ఒకటిన్నర రెట్లు పని చేయాలి. ఆరు నెలలకు ఒళ్లు అలిసిపోయి ‘ఈ వ్యాపారం నా వల్ల కాదు’ అనిపిస్తుంది. వల్ల కానిది ఆ ధర.

డబ్బు సరిగ్గానే ఉండి కూడా మనసు పట్టకపోతే మిగతావి చూడాలి. వరసగా రెండు వారాలుగా ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోతుంటే ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకూడదు, మూసేయాలన్న నిర్ణయం కూడా. భాగస్వామితో తేల్చుకోని మాట ఏదైనా ఉంటే అది అన్ని పనులనూ మందగింపజేస్తుంది. రోజంతా ఒంటరిగా పనిచేసేవాళ్లు వారానికి ఒకసారైనా అదే పనిలో ఉన్న మరొకరితో మాట్లాడకపోతే చిన్న ఇబ్బంది కూడా తనకొక్కడికే వచ్చిన విపత్తులా కనిపిస్తుంది. వీటన్నిటినీ సరిచూసుకున్నా దిగులు వారాల తరబడి వదలకుండా ఉంటే, అది వ్యాపార సమస్య కాదు. డాక్టర్‌ను కలవాలి.

రోజువారీ ఊపు గురించి మాత్రం నమ్మదగిన పరిశోధన ఒకటుంది. టెరెసా అమబిలే, స్టీవెన్ క్రేమర్ 238 మంది ఉద్యోగులు రాసిన దాదాపు 12,000 రోజువారీ డైరీ పుటలు చదివారు. మనుషులు ఉత్సాహంగా ఉన్న రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది, తాము విలువనిచ్చే పని ఆ రోజు ఎంతో కొంత ముందుకు కదలడం. చిన్న కదలికైనా చాలు. దీన్ని ఒంటరి వ్యాపారికి వర్తింపజేయడం తేలికే. సాయంత్రం రెండు వాక్యాలు రాయాలి, ఏది కదిలింది, ఏది ఆగింది. వారం చివర రెండు అంకెలు వేయాలి, ఎంతమందిని అడిగాం, ఎంతమంది డబ్బిచ్చారు. మొదటి అంకె పూర్తిగా మన చేతిలో ఉంది. రెండోది లేదు. రెండోది సున్నా అయిన వారంలో కూడా మొదటిది పదిహేను ఉంటే, ఆ వారం పని జరిగినట్టే. మొదటిదే రెండు ఉంటే ‘మార్కెట్ బాగోలేదు’ అని అనడానికి హక్కు లేదు.

ఎప్పుడు ఆపాలి

పట్టుదల గురించి అందరూ చెబుతారు, మొండితనం గురించి చెప్పేవాళ్లు తక్కువ. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. బ్యారీ స్టా 1976లో బిజినెస్ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, ఒక విభాగానికి తామే డబ్బు కేటాయించి నష్టం చూసినవాళ్లు, వేరేవాళ్ల నిర్ణయాన్ని వారసత్వంగా పొందినవాళ్లకన్నా ఆ నష్టపోతున్న విభాగానికే మళ్లీ ఎక్కువ కేటాయించారు. తప్పు తనది అయినప్పుడు దాన్ని ఒప్పు చేయడానికి ఇంకా పోస్తాం. నిండా మునిగినవాడికి చలేమిటన్న ధోరణి అక్కడి నుంచే వస్తుంది. నిజానికి ఆ దశలో చాలామంది ఇంకా మోకాళ్ల లోతులోనే ఉంటారు.

కాబట్టి ఆపే షరతును మొదటి రోజే, మనసు చల్లగా ఉన్నప్పుడే రాయాలి. అందులో తేదీ, అంకె, సాక్షి మూడూ ఉండాలి. కుర్చీల సర్వీసుకైతే ఇలా ఉండొచ్చు: ‘ఆరు నెలల్లో 60 ఆఫీసులను అడిగినా కనీసం 10 ఆఫీసులు డబ్బివ్వకపోతే, లేదా వాటిలో కనీసం 3 రెండోసారి పిలవకపోతే, ఈ రూపంలో ఆపేస్తాను. ఈ కాగితం ఫలానావాళ్ల దగ్గర ఉంటుంది.’ మూడు అంకెల్లో చివరిదే బరువైనది. మొదటిసారి పిలిచేవాళ్లలో జాలి, కుతూహలం, పరిచయం అన్నీ కలిసి ఉంటాయి. రెండోసారి పిలిచేవాళ్లకు పని నచ్చింది, అంతే. ‘ఈ రూపంలో’ అన్న మాట కూడా ఊరికే వేసింది కాదు. ఆఫీసులు పిలవకపోయినా, కుర్చీలు అద్దెకిచ్చే సంస్థ నెలకు ముప్పై కుర్చీలు పంపొచ్చు. కస్టమర్ మారతాడు, పని మిగులుతుంది. షరతు తేదీ వచ్చిన రోజు చేయాల్సింది అంకెలు చదవడమే. ‘ఇంకొక్క నెల చూద్దాం’ అనాలంటే ఆ నెలలో కొత్తగా ఏం మారుస్తారో సాక్షికి రాసివ్వాలి. ఏమీ మారదంటే ఆ నెల కూడా గడిచిన ఆరు నెలల్లాగే గడుస్తుంది.

పని చేతులు మారినప్పుడు

షరతు దాటి, రెండోసారి పిలుపులు రావడం మొదలైతే, అంతవరకు పనికొచ్చిన మనస్తత్వమే అడ్డం తిరుగుతుంది. అన్నీ తానే చేయడం, ప్రతి కస్టమర్‌తో తానే మాట్లాడటం, తను చేసినంత బాగా ఇంకెవరూ చేయరని నమ్మడం. అది నిజం కూడా, మొదట్లో ఎవరూ చేయరు. మొదటి మనిషిని పెట్టుకున్న యజమాని రెండు నెలల్లో ‘నేర్పే టైమ్‌లో నేనే చేసుకోవచ్చు’ అని తిరిగి లాక్కుంటాడు. ఆ వ్యాపారం ఆయన ఒంట్లో ఓపిక ఉన్నంత వరకే పెరుగుతుంది.

ముందుగా అప్పగించాల్సింది వారం వారం తిరిగివచ్చే పని, తప్పు జరిగితే ఒక రోజులోనే బయటపడే పని. ధర చెప్పడం, బాకీలు వసూలు చేయడం చివరికి ఉంచుకోవాలి, ఎందుకంటే అక్కడి తప్పు మూడు నెలల తర్వాత గానీ కనపడదు. అప్పగించే ముందు ఆ పనిని ఒక పేజీలో రాయాలి. రాయడం మొదలుపెడితే, చేయి అలవాటుగా చేస్తున్న సగం సంగతులు తనకే తెలియవని యజమానికి అర్థమవుతుంది. మనిషి మొదటిసారి తప్పు చేస్తే చూపించాలి, రెండోసారి పక్కన నిలబడి చేయించాలి, మూడోసారి కూడా అదే తప్పు వస్తే ముందు పేజీని అనుమానించాలి.

కుర్చీల సర్వీసులో ఆ పేజీ చివరి వరస ఇలా ఉంటుంది: కొత్త సిలిండర్ బిగించాక సీటును పూర్తి ఎత్తుకు లేపాలి, కూర్చున్నాక నేల నుంచి సీటు దాకా టేపుతో కొలిచి రాయాలి, పది నిమిషాలు లేవకుండా కూర్చోవాలి, మళ్లీ కొలవాలి, రెండు అంకెలూ ఒకటైతేనే బిల్లు ఇవ్వాలి.